దూదికి చిక్కిన గడ్డం

గురువారం ఉదయం ఆరుకు పది నిమిషాలుంది. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సుకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రి వెనక గేటు దగ్గర ఆరుగురు సెక్యూరిటీ గార్డులు వరసగా నిలబడ్డారు. ఏజెన్సీ సూపర్‌వైజరు నరసింగరావు జేబులోంచి దూది ఉండ తీసి, చిటికెడు తుంచి, వరసలో మూడోవాడైన ఏసురాజు మెడ మీద ఆనించి దవడ దాకా పైకి లాగాడు.

రెండు పోగులు గడ్డంలో చిక్కుకున్నాయి. చేతిలో మిగిలిన దూది ఎర్రగా వచ్చింది.

"అంటుకుంది సూడు," అన్నాడు నరసింగరావు. "అంటే సరిగ్గా గీసుకోనేదన్నమాట."

"రెండుమార్లు గీసేను సార్. కింద నుంచి మీదికి కూడా గీసేను."

"అయితే మూడోమారు గీయి. ఇది నీ పేరు మీద రెండో రిపోర్టు. సోమవారం నేనొచ్చినప్పటికి మళ్ళీ అంటుకుంటే మూడోది. ఆ మీద నీతో మాటల్లేవు, యూనిఫారం విప్పేసి ఎలిపోడమే. నీ జాగాలోకి రాడానికి ఇద్దరు లైన్లో ఉన్నారు."

రక్తం సంగతి అతను ఎత్తలేదు. అది అతని పుస్తకంలో రాసే విషయం కాదు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో పనిచేసి హవల్దారుగా దిగిపోయిన మనిషి. ట్రైనింగులో ఉస్తాదు తన దవడ మీద రాసిన దూదినే ఇప్పుడు ఏజెన్సీ గార్డుల దవడల మీద రాస్తున్నాడు. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, ఈ పరీక్ష తప్పదు.

అప్పుడే వెనక నుంచి ఆడగొంతు లేచింది.

"ఏటండీ సూపరైజరు బాబూ, ఆ దూది ఎక్కడిది?"

చేతిలో బకెట్టుతో కూర్మమ్మ నిలబడి ఉంది. ఆపరేషన్ థియేటరు ఆయా.

"సిటికెడు దూదికి ఏటమ్మా గోల?"

"సిటికెడే. నాను మడతెట్టి, డబ్బాలో సర్ది, మిషన్లో ఎట్టి ఉడకబెట్టిన దూది అది. కడుపు కోసినోళ్ళకి ఎట్టేది. లెక్క తక్కువొస్తే ఝాన్సీ సిస్టరు అరిసేది నా మీద. మగాళ్ళ దవడలు తుడవడానికా నాను రోజూ ఉడకబెడతన్నది?"

గార్డుల వరసలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. నరసింగరావు ఎర్రబడ్డ ముక్క కింద పారేసి, దూది ఉండ జేబులో పెట్టుకుని బండెక్కి వెళ్ళిపోయాడు. దూది తిరిగి ఇవ్వలేదు. కూర్మమ్మ తిడుతూనే అతను పారేసిన ఎర్రదూది ముక్క ఏరడానికి వంగింది. లేస్తూ ఏసురాజు మెడ చూసింది. తిట్టడం ఆపేసింది. కూర్మమ్మ తిట్టడం ఆపితే ఏదో పెద్ద విషయమేనని ఆ ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

కూర్మమ్మకు యాభై రెండేళ్ళు. పుట్టింది గార అనే ఊరి పక్క పల్లెలో. భర్త గంగులు సాలూరు లారీల మీద క్లీనరుగా చేరి డ్రైవరయ్యాడు, మోకాళ్ళు అరిగాక ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆమె ఈ ఆసుపత్రిలో చేరి ఆ జనవరికి, అంటే 2019 నాటికి, పంతొమ్మిదేళ్ళు. చేరిన వారానికే ఆమె చేతికి రేజరు వచ్చింది. ఆపరేషనుకు ముందు రోగికి ఆ చోట వెంట్రుకలు తీసే మగమనిషి పని మానేశాడు, ఇంకొకడు దొరకలేదు. ఉన్నవాళ్ళలో కొత్తది కూర్మమ్మ. పురమాయించారు.

బంధువులు ఊరుకోలేదు. ఆడదానివై మగాళ్ళకు గీయడమేమిటని ఒకరు, అది మన కులం పని కాదని ఇంకొకరు. "పని సేతకానోళ్ళకే కులం గుర్తొస్తాది," అని ఆమె వాళ్ళ నోళ్ళు మూయించింది. అప్పటికి ఆమెకు కూడా ఆ పని చేతకాదు.

చేరిన నెలలోనే పాలకొండ వైపు నుంచి పిత్తాశయంలో రాళ్ళతో ఒక ముసలామె వచ్చింది. మర్నాడు ఆపరేషను. కూర్మమ్మ బ్లేడు నొక్కి గీసింది. పొట్ట మీద చిన్న గాటు, గోరంత. తెల్లవారేసరికి చుట్టూ ఎర్రబారింది. ఆసుపత్రి యజమాని కూడా అయిన సర్జన్ విజయ్‌కుమార్ అది చూసి, గాటు మానేదాకా ఇక్కడ కత్తి పెట్టనని, వారం పోయాక రమ్మని పంపేశాడు. తల్లీ కొడుకూ బస్సెక్కి వెళ్ళారు. పదిహేను రోజుల తర్వాత కొడుకు ఒక్కడే వచ్చాడు. మరణ ధ్రువపత్రానికి కావాలని తల్లి స్కానింగు కాగితాలు అడిగి తీసుకెళ్ళాడు.

కూర్మమ్మను ఎవరూ ఏమీ అనలేదు. ఆ గాటు ఎవరు పెట్టారో కూడా ఎవరికీ గుర్తు లేదు. ఆమె తనను తానే తిట్టుకోవడం అప్పుడు మొదలుపెట్టింది. పోనుపోను అందరినీ తిట్టడం అలవాటైంది.

ఆ తర్వాత ఆమె చేతిలో గాటు పడ్డ మనిషి లేడు. పసిపిల్లల తలలు, డ్రైవర్ల తొడలు, గుమాస్తాల పొట్టలు. సిగ్గుపడి దుప్పటి వదలని మగవాళ్ళకు ఆమె చెప్పేది ఒకటే: "నాకు పనున్నాది, సిగ్గుపడ్డానికి నీకు సాయంత్రం దాకా టైమున్నాది." ఏ చర్మం ఎలాంటిదో వేలితో తాకితే చెప్పేది. విశాఖలో పెద్దాసుపత్రుల్లో బ్లేడు వాడడం మానేశారనీ, వెంట్రుకలను పైపైన కత్తిరించే చిన్న మిషను వచ్చిందనీ ఒక నర్సు చెప్పగా విని, అది కొనమని నాలుగేళ్ళుగా అడుగుతోంది. చూద్దాం అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు కోపం వస్తుంది.

పది గంటలకు టీ వేళ ఆమె ఏసురాజును క్యాంటీను వెనక్కి పిలిచింది.

"ఎండలోకి రా. తలెత్తు. ఇంకా ఎత్తు, మెడ విరిగిపోదులే."

మెడంతా ఎర్రటి పొక్కులు. కొన్నింటి కొసన తెల్లగా చీము. దవడ ఎముక మీద రెండు గాట్లు. ఒకటి పాతది, ఒకటి ఆ ఉదయానిది. చెంపల మీద చర్మం తెల్లగా పొట్టులా రేగి ఉంది. పొక్కులు ఆమెకు అర్థమయ్యాయి. పొట్టు అర్థం కాలేదు.

"ఇదేటిరా, బూడిద రాసినట్టున్నాది?"

"ఉప్పు, పిన్నీ."

"ఉప్పేటి?"

"గీసుకున్నాక ఉప్పునీళ్ళతోటి కడుగుతన్నాను. గళాసుడు నీళ్ళలో గుప్పెడు."

కూర్మమ్మ టీ గ్లాసు గోడ మీద పెట్టింది.

ఏసురాజుది నౌపడ. తాత, తండ్రి, తను, మూడు తరాలూ ఉప్పుమడుల్లోనే పనిచేశారు. అక్కడ కాలు పగిలితే మందు లేదు, ఉప్పునీళ్ళలో దిగి నిలబడడమే. మొదటి వారం ప్రాణం పోతుంది, రెండో వారానికి మొద్దుబారుతుంది, నెలకు అరికాలు తోలుచెప్పులా అవుతుంది. మొహం మండుతోందని ఏసురాజు ఫోన్లో చెబితే తండ్రి అదే వైద్యం చెప్పాడు. పది రోజులు ఓర్చుకో, మొకమూ రాటుదేలతాది అన్నాడు. ఏసురాజు నలభై రోజులుగా ఓర్చుకుంటున్నాడు.

"ఒరే, అరికాలూ సెంపా ఒకటేనా?" కూర్మమ్మ గొంతు క్యాంటీను దాటి వినబడింది. "మీ నాన్న సెంపల మీద నడుస్తాడేటి? గీసిన సర్మం అంటే మీద పొర పోయిన సర్మం. దాని మీద ఉప్పు పోసి, అది ఎండగట్టి పగిలితే, మర్నాడు ఆ పగులు మీద మళ్ళీ బ్లేడా? ఉప్పు తరవాత ఇంకేటి రాస్తన్నావు? సెప్పు, దాచకు."

"లోషను. మంట తగ్గడానికి."

"తగ్గిందా?"

"నేదు పిన్నీ. వాసన బాగుంటాది."

"గెడ్డం గీసుకోడం నీకు ఎవులు నేర్పినారు?"

ఏసురాజు ఆలోచించాడు. ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవాలని కూడా అతనికి తోచలేదు. ముప్ఫై ఒక్కేళ్ళు వచ్చేదాకా అతను రేజరు పట్టుకోలేదు. ఊళ్ళో బాప్టిస్టు సంఘం మగవాళ్ళందరికీ శనివారం సాయంత్రం మంగలి ఇంటికే వచ్చి గీసేవాడు, ఆదివారం ఆరాధనకు నున్నటి మొహాలతో వెళ్ళేవారు. మళ్ళీ శనివారం దాకా గడ్డం జోలికి పోయేవారు కాదు. ఆ ఆరు రోజుల విశ్రాంతి తన చర్మాన్ని కాపాడుతోందని అతనికి తెలియదు.

"టీవీలో సూసేను," అన్నాడు చివరికి. "నురగ రాసి, కింద నుంచి మీదికి సర్రున ఒకటే లాగు."

"ఆడికి ముందే గీసేసి, ఆ మీద నురగ రాస్తార్రా. ఆడు నవ్వుతాడు, నువ్వు ఏడుస్తావు."

అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫానుకు మడుల గట్లు తెగి, ఉప్పునీటి బావుల్లో ఇసుక మేట వేసింది. ఈ ఏడు పని లేదని మడుల యజమాని చెప్పేశాడు. ఊళ్ళో ఏసురాజు ఈడువాళ్ళు చాలామంది చెన్నై రైలెక్కారు, మేడలు కట్టే పనికి. ఏసురాజు ఎక్కలేదు. ఇద్దరు చిన్నపిల్లలు. భార్య కృపారాణికి మూడోసారి ఆరో నెల. శ్రీకాకుళంలో ఉంటే వారానికోసారి ఇంటికి వెళ్ళొచ్చు. చెన్నై వెళ్ళినవాళ్ళు ఏడాదికోసారి వస్తున్నారు. అందుకే పన్నెండు గంటలు నిలబడే ఈ గేటు ఉద్యోగం అతనికి కావాలి. పైకి గీయమంటే గీశాడు, రెండుసార్లంటే రెండుసార్లు గీశాడు. ఎంత గీస్తే అన్ని పొక్కులు. పొక్కుల మధ్య వెంట్రుక తెగదు. తెగని వెంట్రుక దూదికి చిక్కుతుంది.

"సోమవారం దాకా మొకం మీద బ్లేడు ఎట్టకు," అంది కూర్మమ్మ.

"ఏజెన్సీ మేనేజరు సూస్తే?"

"జలుబు అని సెప్పు. మాస్కు తెస్తాను." థియేటరు మాస్కుల లెక్క ఆ రోజు ఆమెకు గుర్తు రాలేదు. "ఉప్పు మానీ. లోషను నాగావళిలో పారెయ్. సల్లటి నీళ్ళతో కడుక్కో, గుడ్డతో రుద్దకు, అద్దు. రాత్రి ఒక్క సుక్క కొబ్బరినూనె, పొక్కుల మీద కాకండా, పొట్టు రేగిన కాడ. పిన్నుతో వెంట్రుకలు పీకినావంటే నీ సేతులు ఇరుస్తాను."

"పీకుతన్నానని నీకెలా తెల్సు?"

"కన్నాలు కనబడతన్నాయి కదరా!"

నాలుగు రోజులు ఏసురాజు మాస్కుతో గేటు దగ్గర నిలబడ్డాడు. తోటి గార్డు ఉమాపతి వచ్చేపోయేవాళ్ళకు చెప్పాడు, మా బావకు ఆపరేషనట, పెద్ద డాక్టరు కూర్మమ్మగారు చేస్తారట అని. ఉమాపతి మెడ కూడా బాగా లేదు. కాలరు పైదాకా బొత్తాలు పెట్టుకుని కప్పుకుంటున్నాడు. నవ్వించడం అతని పద్ధతి.

శనివారం హెడ్ నర్సు ఝాన్సీ, వార్డులో అందరి ముందూ అంది. "గార్డుల గడ్డాలు కూడా మన వార్డేనా కూర్మమ్మా?"

"మన దూదే కదమ్మా," అని కూర్మమ్మ బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సోమవారం ఉదయం ఐదింటికి వెనక కుళాయి దగ్గర ఆమె క్యాంటీను నుంచి వేడినీళ్ళ బకెట్టు తెచ్చి పెట్టింది. పొక్కులు చాలావరకు అణిగాయి. పొట్టు పోయింది. నాలుగు రోజుల గడ్డం నల్లగా, ఉంగరాలు తిరిగి ఉంది. గోడకు మేకు కొట్టి అద్దం వేలాడదీశారు. ఉమాపతితో సహా నలుగురు గార్డులు బ్రష్షులు నములుతూ చుట్టూ చేరారు.

"కూకో పిన్నీ, గీసేయి," అన్నాడు ఏసురాజు మొహం ముందుకు పెట్టి.

"నానెందుకు గీస్తాను? రోజూ నీ యెనక తిరగాలా? రేజరు నీ సేతిలో ఎట్టుకో. ముందు దాన్ని కింద ఎట్టి మొకం తడుపు. గుడ్డ ఏడినీళ్ళలో ముంచి, పిండి, మొకం మీద ఏసుకో. కాలేలా కాదు, పసిగుడ్డుకి పోసేలాటి ఏడి. మూడు నిమిషాలు."

"మూడు నిమిషాలా?"

"నలభై రోజులు మండింది కదా, మూడు నిమిషాలకేటి తొందర? ఎండు ఎంట్రుక తీగలాటిది. తడిసినదైతే మెత్తబడి సులువుగా తెగుతాది. ఒంటిసబ్బు రాస్తన్నావా? అది మానీ. ఎండబెట్టేస్తాది. ఇదిగో క్రీము, వాసన లేనిది. నిన్న నీ సేత సెవి ఎనక రాయించేనా? దురద పెట్టలేదు కదా? అయితే రాయి. బ్రష్షు గుండ్రంగా తిప్పు, ఎంట్రుక లేస్తాది. కాదు, ముందు వాలు సూసుకో."

వాలు అంటే ఏమిటో గార్డులకు తెలియలేదు. ఆమె ఏసురాజు చెయ్యి పట్టుకుని అతని వేళ్ళనే అతని చెంప మీద నడిపించింది. కిందికి నిమిరితే నున్నగా, పైకి నిమిరితే గరుకుగా తగిలింది.

"నున్నగా తగిలినది వాలు. గరుకు తగిలినది ఎదురు. బ్లేడు వాలుకే నడవాల. ఇప్పుడు మెడ సూడు. కుడిపక్క కిందికి ఉన్నాది. ఎడంపక్క?"

ఏసురాజు తడిమాడు. ఎడమవైపు వెంట్రుకలు కిందికీ కాదు, పైకీ కాదు, చెవి వైపు అడ్డంగా పడుకుని ఉన్నాయి. తన మెడ మీద ఎవరో ఇప్పుడే వాటిని అలా పడుకోబెట్టినట్టు ఆశ్చర్యపోయాడు. నలభై రోజులుగా అతను అక్కడే పైకి లాగుతున్నాడు, అక్కడే పొక్కులు ఎక్కువ.

"నీది ఉంగరాల గెడ్డం. ఎదురు గీస్తే ఎంట్రుక సర్మం కింద దాకా తెగుతాది. మళ్ళీ మొలిసినప్పుడు వంకర తిరిగి లోపలికే దూరతాది. అదే పొక్కు. ఆ పొక్కు మీద మళ్ళీ గీస్తే సీము. ఆ మూడు బ్లేడుల రేజరు ఎందుకు కొన్నావు? ఒకటి లాగుతాది, ఒకటి కోస్తాది, మూడోది లోపలికి కోస్తాది. నీకు ఒంటి బ్లేడు సాలు. కొత్తది ఎయ్యి. రోజుకొకటి మార్చీమంటన్నానా? నేదు. లాగుతన్నట్టు తెలిస్తే మార్చు. ఇంకొకడి రేజరు ముట్టుకోకు. ఉమాపతీ, నవ్వకు, నీదీ ఈడిదీ ఒకటేనని నాకు తెల్సు."

ఉమాపతి నవ్వడం మానేశాడు.

"నొక్కకు. రేజరు బరువు సాలు. సిన్న సిన్న గీతలు, ఏలెడు పొడుగు. ఒక గీత, నీళ్ళలో ముంచు. ఇంకో గీత, ముంచు. నురగ పోయిన కాడ మళ్ళీ గీయకు, నురగ రాసి గీయి. రొండోమారు కూడా వాలుకే. ఆ పొక్కు తప్పించు. తప్పించరా! దాని సుట్టూ ఎల్లిపో. రొండు ఎంట్రుకలు మిగిలితే మిగలనీ."

పదిహేను నిమిషాలు పట్టింది. కూర్మమ్మ మూడుసార్లు అతని మణికట్టు మీద కొట్టింది, నొక్కినప్పుడల్లా. చివర చల్లటి నీళ్ళు, మెత్తటి గుడ్డతో అద్దుడు. రక్తం లేదు. మంట లేదు. ఏసురాజు అద్దంలో చూసుకున్నాడు. తాకితే కొద్దిగా గరుకు. చూస్తే శుభ్రమైన మొహం.

"రోజూ ఒద్దు, రోజు ఇడిసి రోజు. అది నా మాట. ఆ సూపరైజరు ఇనడు, కాబట్టి రోజూ గీయాల్సొస్తే ఇలాగే గీయి."

ఆరుకు పది నిమిషాలకు నరసింగరావు వచ్చాడు. ఏసురాజు ముందు ఆగి, మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆశ్చర్యమే కలిగినట్టుంది. అయినా జేబులోంచి దూది తీశాడు. కింద నుంచి పైకి లాగాడు. దవడ మలుపు దగ్గర ఒక పోగు చిక్కింది.

"అంటుకుంది."

"సార్, మొకం శుభ్రంగా ఉన్నాది కదా సార్."

"నా కళ్ళతో పని లేదయ్యా, దూది చెప్పాల. మూడో రిపోర్టు." పుస్తకం తెరిచి, పెన్ను తీసి, ఆగాడు. "మంచోడివి, అందుకని ఒక మాట. పది నిమిషాలిస్తాను. పోయి మీదికి ఒక్క లాగు లాగి రా. అంటుకోకపోతే రాయను."

ఏసురాజు కుళాయి దగ్గరికి వెళ్ళి రేజరు తీశాడు. కూర్మమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"ఒగ్గీ పిన్నీ."

"గీస్తే మళ్ళీ మొదటికొస్తావు."

"ఒగ్గీమంటన్నానా! నీకేటి, పంతొమ్మిదేళ్ళ నుంచి ఉన్నావు. నాకు ఇది పోతే సెన్నై బండే. మొకం మండితే నాకు మండుతాది, నీకేటి? నా పిల్లలు నా మొకం సూడాలంటే నాకీ మొకం పాడైనా పరవాలేదు."

కూర్మమ్మ చెయ్యి వదల్లేదు. కానీ వాడు చెప్పింది నిజం. వాలు తెలిసినా, నీళ్ళు కాచినా, పాఠం మొత్తం అప్పజెప్పినా, పైకి లాగే దూది ఒకటి ఉన్నంతకాలం ఏదీ పనికిరాదు.

"ఐదు నిమిషాలాగు," అంది. తర్వాత ఉమాపతి కాలరు పట్టుకుని మొదటి రెండు బొత్తాలూ విప్పేసింది. "నువ్వూ రా. మీరిద్దరూ రండి. కాలర్లు ఇప్పుకుని రండి."

"ఏయ్, ఎక్కడికి తీసుకుపోతన్నావు నా గార్డుల్ని?" అని నరసింగరావు అరిచాడు.

ఆమె వినిపించుకోలేదు. నలుగురు మగవాళ్ళను ముందు నడిపించుకుంటూ మెట్లెక్కింది. డాక్టర్ విజయ్‌కుమార్ ఆరింటికే వచ్చి పై వరండాలో కేసు షీట్లు చూసుకుంటాడు. వరండాలోకి ఆయాలు పిలవకుండా రాకూడదు. కూర్మమ్మ నలుగురినీ ఆయన బల్ల ముందు వరసగా నిలబెట్టి, తలలు పైకెత్తమంది.

"ఏమిటిది కూర్మమ్మా?"

"కేసులు బాబూ. ఈ నలుగురికీ మెడ మీద ఆపరేషను ఉన్నాదనుకోండి. ఇయాళ కత్తెడతారా?"

ఆయన విసుక్కోబోయాడు. ఎదురుగా ఉమాపతి మెడ ఉంది. కళ్ళజోడు సర్దుకుని లేచాడు. గ్లవుజు తొడుక్కుని ఒక పొక్కు పక్కన వేలితో అదిమాడు. చీము వచ్చింది. పక్కవాణ్ణి చూశాడు. ఆ పక్కవాణ్ణి చూశాడు.

"ఎవరు గీశారు వీళ్ళకి? నువ్వా?"

"నా సెయ్యి తగిలితే ఇలాగుంటాదా బాబూ? నాను నేర్పినది ఈడొక్కడికే." ఏసురాజును ముందుకు తోసింది.

ఆయన ఏసురాజు మెడ మీద గ్లవుజు వేలు నడిపాడు. "ఇతనికి పెడతాను. మిగతా ముగ్గురి మీద పెట్టను. ముందు ఇది మానాలి. రోజూ ఎందుకు గీసుకుంటున్నారు ఇలా?"

"గేటు కాడ దూది రాస్తన్నారు బాబూ. పోగు అంటుకుంటే ఉద్యోగం తీసేస్తారు. అంటుకోకండా ఉండాలంటే ఎదురు గీయాల. ఎదురు గీస్తే ఇది." ఊపిరి తీసుకుంది. "మెడ గోక్కుని ఆ సేతుల్తోనే ఈళ్ళు స్ట్రెచ్చర్లు తోస్తన్నారు. థియేటరు తలుపు దాకా వస్తన్నారు. ఆ దూది కూడా మన థియేటరుదే."

చివరి రెండు మాటలతో ఆయన మొహం మారింది. నరసింగరావును పైకి పిలిపించాడు. చీము పట్టిన మెడలతో మనుషుల్ని తన థియేటరు దగ్గరికి పంపిస్తున్నందుకు నిలబెట్టి కడిగేశాడు. అది ఏజెన్సీ రూలని నరసింగరావు చెప్పబోయాడు.

"రూలు ఏజెన్సీది, ఆసుపత్రి నాది. మీ మేనేజరుకు నేను ఫోను చేస్తాను. ఈ అబ్బాయి మొహం ఎలా ఉందో అలా ఉంటే చాలు. ఆ ముగ్గురూ వారం రోజులు గీసుకోరు. దూది పరీక్ష ఈ గేటు దగ్గర ఇంక ఉండకూడదు. ఇతని మీద ఏమన్నా రాశారా?"

"ఇంకా రాయలేదు సార్," అన్నాడు నరసింగరావు.

"రాయకండి."

కూర్మమ్మ కదల్లేదు. "బాబూ, అలాగే ఆ కత్తిరించే మిషను..."

"చూద్దాం," అని ఆయన కేసు షీటు తీసుకున్నాడు.

నరసింగరావు మెట్లు దిగి, కింద గేటు దగ్గర పుస్తకం మూసి, పెన్ను జేబులో పెట్టుకుని, "ఎల్లు, డ్యూటీ ఎక్కు," అన్నాడు ఏసురాజుతో, మొహం చూడకుండా.

ఏసురాజు కూర్మమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. "పిన్నీ, ఇందాక ఏదో అనేసేను. నువ్వు, ఆ డాక్టరు బాబు దేవుడిలా..."

"నోరు ముయ్యి!" గేటు బయట ఆటోవాళ్ళు కూడా తలలు తిప్పారు. "దేవుడేటి? నలభై రోజులు నువ్వు మండతాదని సెప్పినావు, ఎవుడన్నా ఇన్నాడా? దూదికి రకతం అంటుకుంటే ఆ సూపరైజరు ఎంట్రుకలు లెక్కెట్టినాడు. పైనున్నాయన మటుకు నీ నొప్పి ఇన్నాడా? థియేటరు దాకా సీము వస్తాదంటే ఇన్నాడు. నువ్వు గేటు కాడే నిలబడి ఏడిస్తే ఇయాళ కూడా ఇనేవోడు కాదు. దానికి నాను దండాలెట్టాలా? నీ ఉద్యోగం ఉన్నాది, ఎల్లి సేసుకో. రేపు పైకి లాగినావంటే నానే పీకించేస్తాను."

ఏసురాజు వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమదాలవలస వైపు నుంచి అంబులెన్సు వచ్చింది. తలుపు బార్లా తీసి, పక్కకు జరిగి, చెయ్యి ఊపి లోపలికి పంపాడు.

కూర్మమ్మకు ఎనిమిదింటికి హెర్నియా కేసు ఉంది. ఆ పని ముగించి వచ్చేసరికి ఝాన్సీ సిస్టరు బల్ల మీద మెమో సిద్ధంగా ఉంది: పిలవకుండా పై వరండాకు వెళ్ళినందుకు, గార్డుల్ని వెంటబెట్టుకుని వెళ్ళినందుకు. కూర్మమ్మ సంతకం చేసింది. ఎందుకు వెళ్ళావో ఈ గడిలో రాయాలి, చెప్పు, నేను రాస్తాను అంది సిస్టరు.

"గెడ్డాలని రాయండి," అంది కూర్మమ్మ. "ఆ కింద మిషను కొననేదని కూడా రాయండి. నాలుగేళ్ళనించి అని రాయండి."

సిస్టరు మొదటిది రాసింది.